గిటార్ గొంతు మెత్తబడిన ఏడాది

“తీగలు మార్చనీకు పైడీ. ఇప్పుడిప్పుడే దారికొచ్చాయి.”

“మాటాడకు బావా. ఆయాసం వత్తాది.”

మా ఆయనకూ నాకూ మధ్య ఆఖరి మాటలు ఇవే. ఆసుపత్రి మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఆయన ఎడమచెయ్యి నిమురుతున్నాను. తీగలు నొక్కి నొక్కి వేళ్ళ కొసల్లో కట్టిన కాయలు నా అరిచేతికి గరుగ్గా తగులుతున్నాయి. ఇంతలో నర్సు వచ్చి నన్ను బయట కూర్చోమంది. మళ్ళీ లోపలికి పిలిచేసరికి మాట్లాడే మనిషి లేడు. పాడు పాడు అని నా వెంటపడినవాడికి నేను చివరగా చెప్పింది మాట్లాడకు అని. అది తలుచుకుని ఏడ్చిన రోజులు ఉన్నాయి. ఇప్పుడు ఏడవను. ఊపిరి మిగలాలని అన్న మాట అది. బావకు ఆ సంగతి తెలుసు.

ఇదంతా ఇప్పుడు ఎందుకు చెబుతున్నానంటే, మా అన్న కూతురు హారిక కొత్త గిటార్ కొనుక్కుంది. విజయనగరంలో చదువుకుని, ఇక్కడ రాయపూర్‌లో శంకర్ నగర్ వైపు ఏదో ఆఫీసులో ఉద్యోగం దొరికి, తెలీబంధాలో నా అద్దె ఇంట్లోనే ఉంటోంది. గిటార్ తెచ్చిన సాయంత్రం గుమ్మంలో కూర్చుని వాయించింది. నేను చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాను. మొదటిసారి మీటగానే నా చేతిలో కాయ అలాగే ఆగిపోయింది. స్టీలు కంచం మీద చెంచా జారిపడినట్టు మోత. సరిగ్గా ఆ మోతే మా పాత క్వార్టర్‌లో, నేను కొత్త కోడలిగా ఉన్న రోజుల్లో విన్నాను.

“ఏటత్తా, అలాగ చూస్తున్నావ్? బాగోలేదా?” అంది హారిక.

“బాగుందే. మిట్టమద్దేనం ఎండలాగుంది. దీన్ని సాయంకాలం చెయ్యాల.”

“గిటార్‌ని సాయంకాలం చెయ్యడమేటి?”

“మీ మావయ్యకి ఏడాది పట్టింది. కూకుంటే చెప్తాను.”

కూర్చుంది. కాసేపు విని, ఇది రాసి పెట్టుకోవాలి అత్తా అని కాగితాలు తెచ్చుకుంది. నాకు సంతకం వచ్చు, బస్సు మీద ఊరి పేరు హిందీలో పోల్చుకోగలను. అంతకు మించి రాదు. అందుకని నేను చెబుతుంటే తను రాస్తోంది. మామూలు మాటలను పుస్తకం భాషలోకి దిద్దుకుంటానంటే సరే అన్నాను. మనుషులు మాట్లాడుకున్న చోట మాత్రం వేలు పెట్టొద్దన్నాను. బావ గిటార్ ఇప్పటికీ మా బీరువా మీద ఉంది. తీగలు మార్చలేదు. తుప్పు పట్టి రెండు తెగిపోయాయి. హారిక కొత్తవి వేస్తానంటే వద్దన్నాను. దానికి జరగవలసిన కాలం జరిగిపోయింది. ఈ కొత్తదాని సంగతి చూద్దాం అన్నాను.

నేను రాయపూర్ వచ్చిన కొత్తలో ఛత్తీస్‌గఢ్ కూడా కొత్త రాష్ట్రమే. ఊరంతా ఎక్కడ చూసినా తవ్వకాలు, కొత్త బోర్డులు. మాది రైల్వే క్వార్టర్. ఒక గది, దాని వెనక వంటిల్లు, వంటిల్లు దాటితే చిన్న పెరడు. బావ వేగన్లు బాగుచేసే షాపులో ఫిట్టర్. మా నాన్న అక్క కొడుకు. అంటే అత్తగారు నాకు పుట్టుకతోనే అత్త, పెళ్ళితో అయింది కాదు. ఆవిడ శ్రీకాకుళం జిల్లా వదిలి పాతికేళ్ళయినా మాటలో ఒక్క అక్షరం మారలేదు. హిందీలో మాట్లాడినా అది తెలుగులాగే వినిపించేది. పొద్దున్నే షాపు సైరన్ మోగగానే పొయ్యి దగ్గర నేను, పెరటి మెట్టు మీద ఆవిడ. చుట్ట వెలిగించి, నిప్పు ఉన్న కొస నోట్లోకి తిప్పుకుని అడ్డపొగ పీల్చేది. మా ప్రాంతం ఆడవాళ్ళలో ఆ అలవాటు ఉంది కానీ ఇక్కడి వాళ్ళు వింతగా నిలబడి చూసేవాళ్ళు. ఆవిడకు లెక్కలేదు. నోట్లో నిప్పు పెట్టుకునే, ఇంటి సంగతులన్నీ తేల్చేది. ఏ కూర వండాలి, ఏ చీర ఉతకాలి, తిల్దా మిల్లు బియ్యం ఈసారి ఎందుకు ముద్దయ్యాయి, అన్నీ. సాయంత్రం బావ వచ్చేసరికి చొక్కా నిండా గ్రీజు. దాన్ని కిరసనాయిలులో ముంచి, తరవాత సబ్బు పెట్టి ఉతికేదాన్ని. ఆ ఇంటి వాసన అడిగితే నేను ఇప్పటికీ మూడూ కలిపే చెబుతాను, గ్రీజు, చుట్ట, ఉడుకుతున్న గంజి.

నా గొంతు సంగతి చెప్పాలి. పుట్టుకతోనే బొంగురు గొంతు. పిల్లప్పుడు ఎవరో తలుపు వెనక మగపిల్లాడున్నాడనుకునేవారట. అయినా మా ఊళ్ళో అదొక లోపం అని ఎవరూ అనలేదు. ఊడుపులప్పుడు పాట ఎత్తుకునేది నేనే. నాలుగు మడుల అవతల వంగి నాట్లేస్తున్న వాళ్ళకి కూడా వినిపించాలి కదా, సన్నటి గొంతు గాలికి ఎగిరిపోతుంది. నాది బురదలో కాలు దిగినట్టు దిగేది. “మబ్బు దిగితే మడి తడిసే, మడి తడిస్తే మనసు తడిసే” అని నేనంటే వెనక వరసంతా అందుకునేది. పాట అంటే అంతే అనుకున్నాను. ఒకళ్ళు ఎత్తుకోవడం, మిగిలిన వాళ్ళు అందుకోవడం.

ఇక్కడికి వచ్చాక పక్క క్వార్టర్ సాహూ మిస్త్రీ ఇంట్లో గురువారం గురువారం ఆడవాళ్ళ భజన. ఆయన భార్యను అందరూ సాహూ భాభీ అనేవారు. మంచి మనిషి, చేతికి ఎముక లేదు, నోటికి మూతా లేదు. ఒక గురువారం నన్ను పాడమంది. కళ్ళు మూసుకుని నాకొచ్చిన దేవుడి పాట ఎత్తుకున్నాను. సగంలో పకపకా నవ్వులు. సాహూ భాభీ ఢోలక్ మీద చెయ్యి ఆపి, “అరే, యే తో ఫటా బాంస్ హై!” అంది. అందరూ ఇంకా నవ్వారు. నాకప్పటికి హిందీ రాదు. నవ్వు ఏ భాషలోనైనా అర్థమవుతుంది కదా. ఇంటికొచ్చి బావనడిగితే, చీలిన వెదురు అన్నాడు. అత్త మెట్టు మీద నుంచే వినేసి, “ఎదురు చీలితేనే కదేటి బుట్టలల్లుతారు! చీలని ఎదురు పాడె మోయడానికి తప్ప ఎందుకూ పనికిరాదని చెప్పనేకపోయావా?” అంది. నేను చెప్పలేకపోయాను. ఆ తరవాత భజనకు వెళ్ళలేదు. పాట గొంతులోకి వచ్చినప్పుడల్లా మంచినీళ్ళు తాగేదాన్ని. మనిషి అలాగే ఒక్కో గుక్కలో పాటను మింగేసి బతికేయగలదు, నాకు తెలుసు.

గిటార్ ఆ ఏడు వేసవికి ముందు వచ్చింది. బావ ఉద్యోగం కొత్తలో ఖరగ్‌పూర్‌లో ట్రైనింగ్‌లో ఉన్నప్పుడు గదిలో ఒక బెంగాలీ కుర్రాడి దగ్గర నేర్చుకున్నాడట. సొంతంగా ఒకటి ఉండాలని మనసులో పెట్టుకుని, రైల్వే పాస్ మీద కలకత్తా వెళ్ళి తెచ్చాడు. సంచీలోంచి బయటికి తీయగానే అత్త చుట్ట నోట్లోంచి తీసి, “ఏట్రా ఇది? సొరకాయకి నడుం కట్టినట్టుంది” అంది. వాయించాడు. చెప్పాను కదా, కంచం మీద చెంచా. వంటింట్లో గిన్నెలు కూడా పలికాయి. అత్త చెవులు మూసుకుని, “దీనికి నోరెక్కువున్నాదిరా, కొత్త కోడలికేటి ఇంత నోరు?” అని నా వైపు చూసి నవ్వింది.

ఒక ఆదివారం నేను పెరట్లో బియ్యం కడుగుతున్నాను. లోపల బావ వాయిస్తున్నాడు. నాకు తెలియకుండానే ఊడుపు పాట కూనిరాగం మొదలెట్టాను. లోపల వాయిద్యం ఆగిపోయింది. చూస్తే గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

“ఆపీసావేటి? పాడు.”

“నేను పాడను. నవ్వుతారు.”

“ఎవలున్నారిక్కడ? నేనూ, కాకులూ.”

కాకులు కూడా నవ్వుతాయన్నాను. వదల్లేదు. చేతులు తుడుచుకుని లోపలికెళ్ళి పాడాను. ఆయన తోడు వాయించాడు. నాలుగు మాటలు కూడా సాగలేదు. గిటార్ మెరుస్తూ పైన ఎక్కడో గంతులేస్తోంది, నా గొంతు కింద ఇటుకలు ఈడ్చినట్టుంది. దాని పక్కన నా బొంగురు రెండింతలయింది. నేను నోరు మూసేసుకున్నాను. భజనలో వాళ్ళు నవ్వింది నిజమే అనిపించింది. బావ మాత్రం గిటార్‌ను తొడ మీద బోర్లా పెట్టి, వేగన్ కింద దూరి చప్పుడు ఎక్కణ్ణుంచి వస్తోందో వెతికే మొహం పెట్టాడు.

“తప్పు నీ గొంతుది కాదే. నువ్వు నేల మీదున్నావ్, ఇది చెట్టెక్కి అరుస్తోంది. దీన్ని దించాల.”

“దించితే?”

“ఇది మెత్తబడిన్నాడు నువ్వు నలుగురిలో పాడాల. సాహూ భాభీ ముందర. సరేనా?”

ముందు మెత్తబడనీ అన్నాను. అది జరిగేది కాదనే ధైర్యంతోనే అన్నాను.

ఇక ఆ ఇంట్లో అందరికీ అదే పని. అత్తకు ఒక సిద్ధాంతం ఉంది. కొత్త పెనం మీద మొదటి అట్టు అంటుకుంటుంది, కొత్త కుండలో గంజి కాచనిదే కూర వండరు, కొత్త చెప్పు కరుస్తుంది. లోకంలో కొత్తదేదైనా కరుకుగానే ఉంటుంది, దాన్ని లొంగదీయాలి. కనక నువ్వులనూనె రాసి మర్దన చేద్దామంది. బావ గిటార్‌ను గుండెకు హత్తుకుని అటకెక్కినంత పని చేశాడు. నూనె మాన్పించగలిగాడు కానీ సాంబ్రాణి మాన్పించలేకపోయాడు. శుక్రవారం దేవుడి గూటికి, నా తడి జుట్టుకు ధూపం వేశాక, అదే ఊపులో గిటార్ మధ్య రంధ్రం దగ్గర కూడా ధూపం పట్టేది, జలుబు చేసిన పిల్లకు పట్టినట్టు. ఆ ఏడాదంతా బావ ఎప్పుడు మీటినా కాస్త గుడి వాసన వచ్చేది.

బావ పద్ధతి ఫిట్టర్ పద్ధతి. ఎక్కడ గడగడలాడితే అక్కడ ఏదో ఒకటి దూర్చాలి. తీగలు కింద కట్టి ఉండే చెక్క దగ్గర, వాటి అడుగున పాత సాక్సు మడిచి పెట్టాడు. గిటార్ నోట్లో గుడ్డ కుక్కినట్టు దబ్ దబ్ అంది. “చంపీసావురా దాన్ని” అంది అత్త. సాక్సు తీసి సన్నటి గుడ్డ పీలిక పెట్టాడు, అప్పుడు కొంచెం నయం. మీటే ప్లాస్టిక్ బిళ్ళ పారేసి, షాపులో వేసుకునే పాత బూటు నాలుక కోసి తోలు బిళ్ళ చేసుకున్నాడు. దానితో మీటితే మోత కోరలు ఊడినట్టయింది. వేసవిలో ఇక్కడి వడగాలికి కొయ్య ఎండిపోయి గిటార్ మరీ కీచుగా తయారైంది. అత్త దాన్ని తీసుకెళ్ళి కూలర్ ముందు కుర్చీలో కూర్చోబెట్టింది, ఊరి నుంచి వచ్చిన పెద్దమనిషిని కూర్చోబెట్టినట్టు. వట్టివేళ్ళ తడిగాలి దానికి తగులుతుంటే నేనూ అత్తా ఈ పక్క చెమటలు కక్కుతూ విసనకర్రతో విసురుకున్నాం. వానలు పడ్డాక కొయ్యకు కాస్త తేమ ఎక్కి అదే కొంత సర్దుకుంది. చలికాలం మళ్ళీ పెంకెతనం.

నేను కనిపెట్టింది ఒక్కటే, అది కూడా కనిపెట్టడం కాదు, చూడటం. బావ షాపు నుంచి అలిసిపోయి వచ్చిన రోజు నవ్వారు మంచం మీద సగం వాలి వాయించేవాడు. వాలినప్పుడు కుడిచెయ్యి దానంతటదే జారి మెడ వైపుకి వచ్చేది. తోలు బిళ్ళ ఎక్కడో పడిపోయేది, ఉత్త బొటనవేలి కండతోనే నిమిరేవాడు. అప్పుడు వచ్చే చప్పుడు వేరు. బెల్లం పాకం గరిటె మీంచి జారినట్టు. లేచి కూర్చోగానే చెయ్యి మళ్ళీ కిందికి, తీగలు బిగుసుగా ఉండే చోటికి పోయేది, మళ్ళీ మిట్టమధ్యాహ్నం.

“బావా, నువ్వు నిద్రమొగంతో వాయిస్తేనే బాగుంతాది” అన్నాను.

“పొగిడినావా, తిట్టినావా?”

“నీ చెయ్యి ఎక్కడున్నాదో చూసుకో.”

చూసుకున్నాడు. చెయ్యి అక్కడే ఉంచి లేచి కూర్చున్నాడు. మళ్ళీ మీటాడు. పెరటి మెట్టు మీద అత్త మాట్లాడకుండా వింది, అది చాలా పెద్ద సంగతి. ఆ రోజే బిరడాలు కూడా కొద్ది కొద్దిగా వదులు చేసి, తీగల శ్రుతి నా గొంతు దగ్గరికి దించాడు. అప్పటిదాకా నన్ను పైకి రమ్మన్నవాడు, తనే కిందికి వచ్చాడు. ఇక తీగలు. అవి ఎప్పుడూ మార్చలేదు. చేతి చెమట, ఇంటి పొగ, గ్రీజు మరక, అత్త సాంబ్రాణి, అన్నీ పట్టి పట్టి పసుపుపచ్చగా మెరిసేవి నల్లబడ్డాయి. ఒక్కో నెలా వాటి కీచుదనం ఒక్కో చెంచాడు తగ్గింది. ఏడాది తిరిగేసరికి దాన్ని మీటితే గది మూలల్లోకి పాకేదే కానీ చెవిలో గుచ్చుకునేది కాదు. తలుపులు మూసుకుని నేను పాడేదాన్ని. పాటకూ గిటార్‌కూ మధ్య పేచీ లేదు. నా బొంగురు దాని మీద కూర్చునేది, పీట మీద కూర్చున్నట్టు.

సరిగ్గా అప్పుడే సాహూ మిస్త్రీ రిటైరయ్యాడు. రైల్వేలో రిటైర్‌మెంటు అంటే చిన్న పెళ్ళి. షాపులో దండలు, గేటు నుంచి ఇంటిదాకా బ్యాండు, సాయంత్రం కాలనీ మైదానంలో షామియానా వేసి విదాయి, అంటే వీడ్కోలు సభ. బావ ఆయన కిందే పని నేర్చుకున్నాడు. ఏమిస్తావురా నాకు అని ఆయన అడిగితే, “మా ఇంటావిడ పాడతాది” అనేశాడట. సాహూ భాభీ ముందు వరసలోనే కూర్చుంటుంది. మాటిచ్చాను కదా. ఆ గిటార్ నా ముందు నడిస్తే వెళతాను అనుకున్నాను. అది తోడుంటే చాలు, ఆ నవ్వు మళ్ళీ వినపడదు అనుకున్నాను.

ఆ రోజు మధ్యాహ్నం నేను రేషన్ షాపు నుంచి వచ్చేసరికి పెరట్లో ఇత్తడి సామాను ఆరబెట్టి ఉంది. దీపపు కుందులు, చెంబు, హారతి పళ్ళెం, అన్నీ తళతళ. వాటి పక్కన గోడకు ఆనించి గిటార్. దాని తీగలు కూడా తళతళ. అత్త చింతపండు గుజ్జుతో ఒక్కో తీగనూ కింది నుంచి పై దాకా తోమి, తడిగుడ్డతో తుడిచి, ఎండలో పెట్టింది. ఇంతలో బావ వచ్చాడు. చూసి, దగ్గరికెళ్ళి, ఒక్క తీగ మీటాడు. ఠంగ్‌మంది. పక్కింటి కుక్క చెవులు నిక్కించింది.

“అమ్మా! ఏటి చేసినావే?”

“నలుగురి ముందుకెల్లే వస్తువు. చిలుం పట్టి నల్లగా ఉంటే మన పరువేటవుద్దని తోమినాను. ఎంత మెరుస్తున్నాయో సూడు.”

“ఏడాది పట్టిందే ఆ మురికి ఎక్కడానికి!”

“మురికి కావాలన్నోడిని నిన్నే సూసానురా. వేగన్ల కాడున్నది సరిపోనేదేటి నీకు?”

బావ మెట్టు మీద కూలబడి, కాసేపు తల పట్టుకుని, ఆ తరవాత నవ్వడం మొదలెట్టాడు. ఆయనకు నవ్వొచ్చింది. నాకు రాలేదు. నేను రానన్నాను. లోపలికి పోయి, కట్టుకుందామని తీసిన చీర మళ్ళీ మడతపెట్టి పెట్టెలో పెట్టాను. పెట్టె మూత వేస్తుంటే అత్త వచ్చి నా పక్కన చతికిలబడింది. చుట్ట లేదు నోట్లో.

“ఒలే, ఆ గొంతు నీకెవలిచ్చారో ఎరుకా?”

“దేవుడు. ఇంకెవలు?”

“దేవుడు కాడు. మా అయ్య. మీ నాన్నకీ నాకూ అయ్య. రాత్రి నాటకంలో ఆడు పాడితే ఏరు దాటి అవతలకి ఇనిపించేది. ఇదే బొంగురు. నాకు రానేదు, మీ నాన్నకి రానేదు, నీకొచ్చింది. నువ్వు నోరు మూసుకుంటే ఆడు రెండోసారి సచ్చినట్టే. పెట్టె తియ్యి.”

నాకు ఆ మాట అంతకు ముందు ఎవరూ చెప్పలేదు. తాతను నేను చూడలేదు. ఆ బొంగురు నాకు అంటిన తెగులు అనుకున్నానే కానీ, మా ఇంటి సొత్తు అని తెలియదు. పెట్టె తీశాను.

షామియానా కింద ట్యూబులైట్లు, సమోసాలు, శాలువాలు. సాహూ మిస్త్రీ తలపాగా చుట్టుకుని దండల్లో మెడ కూరుకుపోయి కూర్చున్నాడు. మా వంతు వచ్చేలోపు బావ ఒక మూల కూర్చుని ఉన్న విద్యలన్నీ ప్రయోగించాడు. అత్త ఉన్ని మఫ్లర్ అంచు కోసి తీగల అడుగున పెట్టాడు, శ్రుతి ఇంకో మెట్టు దించాడు, తోలు బిళ్ళ జేబులో పడేసి బొటనవేలు సాపు చేసుకున్నాడు. “మెరుపు పూర్తిగా పోదు. నేను మెడ కాడే ఉంటాను. నువ్వు నాకోసం చూడకు, నేనే నీ ఎనకాల వస్తాను” అన్నాడు.

మొదటి మాట అనగానే వెనక వరసల్లో ఎవరో కిసుక్కుమన్నారు. రెండో మాట మింగేశాను. అలాంటప్పుడు వాయించేవాళ్ళు జోరు పెంచి కప్పేస్తారు. బావ తగ్గించాడు. ఎంత తగ్గించాడంటే తీగ మీద వేలు కదిలిన చప్పుడు వినిపించింది. నన్ను ఆ షామియానాలో ఒక్కదాన్నీ నిలబెట్టేసినట్టు ముందు భయమేసింది. తరవాత తెలిసింది, నా కింద నేల ఉంది. అటూ ఇటూ ఏమీ లేదు కానీ కింద ఉంది. ఊడుపు పాట రెండో చరణం ఎత్తుకునేసరికి నేను మడిలో ఉన్నాను. నవ్వు మళ్ళీ వచ్చిందో లేదో నాకు తెలియదు, నేను వినలేదు. పాట అయింది. సాహూ మిస్త్రీ దండల్లోంచి మెడ చాపి, “అఉ గా, బేటీ” అన్నాడు, ఇంకా పాడమని. మళ్ళీ పాడాను. సాహూ భాభీ లేచి వచ్చి నా గడ్డం పట్టుకుని, “అబ్బడ్ సుగ్ఘర్! తోర్ గలా మ మాటీ హే” అంది. చాలా బాగుంది, నీ గొంతులో మట్టి ఉంది అని. మట్టి అంటే మెప్పో తిట్టో తెలియక బావ వైపు చూశాను. ఆయన కళ్ళు తుడుచుకుంటున్నాడు. కనక మెప్పే అయి ఉంటుంది.

నేను పెద్ద పాటగత్తెను కాలేదు. కాలనీలో వినాయకుడి పందిరి, ఎవరింట్లోనో బారసాల, మరొకరి రిటైర్‌మెంటు, అంతే. గురువారం భజనకు మళ్ళీ వెళ్ళాను. సాహూ భాభీ నా పాటకు ఢోలక్ నెమ్మదిగా కొట్టడం నేర్చుకుంది. మాకు పిల్లలు కలగలేదు. అత్త పోయింది, నిద్రలోనే, ఎవరినీ కష్టపెట్టకుండా. కొన్నేళ్ళకు బావకు ఊపిరితిత్తులు చెడ్డాయి. ఆయన పోయాక క్వార్టర్ వదిలేశాను. ఆయన బదులు రైల్వే ఆఫీసులో నాకు చిన్న పని ఇచ్చారు, ఫైళ్ళు ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదికి మోయడం. ఇంటికొచ్చి వండుకునేదాన్ని, తినేదాన్ని. పాడలేదు. కింద నేల లేకుండా ఎలా నిలబడతాం?

ఇప్పుడు హారిక వచ్చాక చూస్తున్నాను, కాలం ఎంత మారిందో. శ్రుతి చూసుకోవడానికి ఫోన్ ముందు పెట్టుకుంటుంది, అదే పచ్చలైటు వేసి చెబుతుంది. మొన్న దుకాణం నుంచి ఒక పొట్లం తెచ్చింది. మెత్తగా పలికే తీగలట, లోపల పట్టుదారం కలిపి చుట్టారట. మేము ఏడాది పాటు చెమటా పొగా పట్టించి తెచ్చిన వయసును వీళ్ళు పొట్లంలో కట్టి అమ్ముతున్నారు. నాకు ఏడుపు రాలేదు, ముచ్చటేసింది. ఏం, పిల్లలకు సులువు దొరికితే మనకెందుకు బాధ? అయితే తీగలు మార్చినా పిల్ల చెయ్యి ఇంకా కింద చెక్క దగ్గరే ఆడుతోంది. నేను లేచి వెళ్ళి దాని మణికట్టు పట్టుకుని మెడ వైపు జరిపాను. గోరుతో కాదే, కండతో అన్నాను. మీటింది. గది మూలల్లోకి పాకింది చప్పుడు. దాని కళ్ళు పెద్దవయ్యాయి. “అత్తా, ఇంత చిన్న తేడాయేనా!” అంది. అవును, బెత్తెడు దూరం. మాకు ఆ బెత్తెడు కనపడటానికే సగం ఏడాది పట్టింది, అప్పుడు మాకు తొందర కూడా లేదు. అప్పటి రోజులు మంచివి, ఇప్పటివి చెడ్డవి అని నేను అనను. అప్పుడు మా చేతుల్లో రోజులు ఎక్కువ, వస్తువులు తక్కువ. ఇప్పుడు అటుదిటయింది. చెవి మాత్రం ఎప్పుడైనా ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి.

నిన్న హారిక వాయిస్తుంటే వంటింట్లో నాకు తెలియకుండా కూనిరాగం వచ్చింది. మంచినీళ్ళ గ్లాసు చేతిలోనే ఉంది, తాగలేదు. హారిక వాయించడం ఆపి గుమ్మంలోకి వచ్చి నిలబడలేదు, తెలివైన పిల్ల. కొంచెం తగ్గించి వాయించింది, అంతే. పాట పూర్తయ్యాక అడిగింది. ఆదివారం సాయంత్రాలు తెలీబంధా చెరువు గట్టు మీద కుర్రాళ్ళు చేరి పాడుకుంటారట, ఎవరైనా వచ్చి పాడవచ్చట, మనం వెళదామా అని. ఆ గట్టు మీద జనం, ఐస్‌క్రీం బళ్ళు, ఫోన్లు ఎత్తి పట్టుకునే పిల్లలు, నాకు తెలుసు. నవ్వేవాళ్ళు ఉంటారు. నవ్వితే నవ్వుతారు. తాత గొంతు ఆ చెరువు అవతలి గట్టుకు వెళుతుందో లేదో చూడాలని ఉంది. వస్తానన్నాను.

ఇంక చాలు హారికా, చెయ్యి నొప్పెట్టి ఉంటుంది. కాగితాలు సర్దుకుని మొదటి నుంచి ఒకసారి చదువు. చెప్పింది చెప్పినట్టు రాశావో లేదో నాకు చెవితోనే తెలియాలి. అలా గుసగుసగా కాదు, తలుపు తీసే ఉండనీ, గట్టిగా చదువు. పక్కింటివాళ్ళు వింటే విననీ.